నడుము దగ్గరి మరక

ఆ వీధిలో ఆమెను అందరూ టచింగమ్మ అనేవారు. ఫోటో స్టూడియోలో మనుషుల మొహాల మీది మచ్చలు మాయం చేసే పనిని టచింగ్ అంటారు. ఆ పని చేసీ చేసీ చివరికి అదే పేరైపోయింది. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, ఎవర్నబ్బా అని ఆమే ఓ క్షణం అటూ ఇటూ చూసేది.

స్టూడియోలో కిటికీ పక్కన ఆమెకో వాలుబల్ల ఉండేది. దాని మీద మూడే మూడు వెంట్రుకలున్న బ్రష్షు, విరిచిన బ్లేడు ముక్క, చిన్న గిన్నెలో నల్లరంగు నీళ్లు. పెళ్లికొడుకు బుగ్గ మీది మొటిమ, పెద్దాయన ముక్కు మీది పులిపిరి, మడతపడ్డ ఫోటోలో అమ్మమ్మ నుదుటిని రెండుగా చీల్చిన తెల్లగీత, అన్నీ ఆ బల్ల మీదే మాయమయ్యేవి. ఫోటో తీసే సమయానికి కళ్లు మూసుకున్నవాళ్లకు కళ్లు కూడా తెరిపించేది. దేవుడు హడావుడిలో సగం వదిలేసిన పనులన్నీ ఆమె తీరిగ్గా కూర్చుని పూర్తి చేసేదన్నమాట.

అలవాటు మనిషిని ఊరికే వదలదు. బస్సులో ముందు సీట్లో కూర్చున్నవాడి చెవి వెనక మచ్చ కనిపిస్తే చాలు, టచింగమ్మ బొటనవేలు దురద పెట్టేది. గోడ మీద నీటిచెమ్మ కనపడితే కళ్లతోనే తుడిచేసేది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఒంటి నిండా గ్రీజు పూసుకుని ఇంటికొచ్చేవాడు.

"నా వంక అట్లా చూడకే తల్లీ. ఎక్కడ చెరిపేస్తావోనని భయమేస్తుంది" అనేవాడు.

అలాంటి మనిషి ముందు ఒకరోజు కంప్యూటర్ తెచ్చి పెట్టారు. వాలుబల్లను తీసేసి, అదే కిటికీ పక్కన. స్టూడియో పెద్దాయన మంచివాడే. పొమ్మనలేదు, నేర్చుకోమన్నాడు. నేర్పే పని తన కూతురికి అప్పజెప్పాడు. ఆ అమ్మాయి పొరుగూర్లో ఆ చదువే చదివి వచ్చింది. చిన్నప్పుడు టచింగమ్మ ఒళ్లో కూర్చుని రంగు గిన్నె ఒలకబోసిన పిల్ల. ఇప్పుడు ఆమె చేతి మీద చెయ్యి వేసి మౌసు తిప్పించింది.

మొదటి వారం టచింగమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. బల్ల మీద చెయ్యి కదిలితే తెర మీద బాణం కదలడమేమిటో, అది ఆగమన్నచోట ఆగకపోవడమేమిటో అర్థమయ్యేది కాదు. కానీ అమ్మాయి పొరల సంగతి చెప్పినప్పుడు మాత్రం ఇట్టే పట్టేసింది.

"గాజుపలకలనుకో పిన్నీ. అన్నిటికంటే అడుగున అసలు ఫోటో. దాని మీద ఇంకో గాజుపలక, అందులో వేరే ఫోటోలోంచి కత్తిరించిన మనిషి. దాని మీద ఇంకోటి. పైనుంచి చూస్తే అంతా ఒక్క బొమ్మలాగే కనబడుతుంది. నచ్చకపోతే పైపలక తీసి పక్కన పెట్టెయ్యి. అడుగుదాన్ని మాత్రం చచ్చినా ముట్టుకోకు."

"ముట్టుకుంటే?"

"బ్లేడుతో గీకేసినట్టే. మళ్లీ రాదు."

బ్లేడు అనగానే టచింగమ్మకు బుర్రలో దిగింది. అప్పట్నుంచి పాత శాంపిల్ ఫోటోల మీద సాధన మొదలుపెట్టింది. ఒక ఫోటోలోని తల తీసి ఇంకో ఫోటోలోని ఒంటికి అతికించింది. పెద్దాయన కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"బాగుందమ్మా. మెడ దాకా పొద్దున, గడ్డం నుంచి సాయంత్రం" అన్నాడు. తలకు వెలుగు ఒకవైపు నుంచి, ఒంటికి ఇంకోవైపు నుంచి పడిందని ఆయన భావం.

జుట్టు చుట్టూ కత్తిరించడం ఇంకో గండం. ఎంత జాగ్రత్తగా గీసినా జుట్టు జుట్టులా రాకుండా తల మీద డిప్ప బోర్లించినట్టు వచ్చేది. కోపమొచ్చి రెండుసార్లు మౌసును బల్లకేసి కొట్టింది కూడా. ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపం వల్లే జీవితంలో పెద్ద నష్టం జరిగింది, ఆ సంగతి చెప్పక తప్పదు.

టచింగమ్మకు ఒక అక్క. నాన్న పోయిన కొత్తలో అమ్మ ఎవరి దగ్గరుండాలన్న మాట వచ్చింది. పెద్దదాన్ని కాబట్టి నా దగ్గరే ఉంటుందని అక్క అంది. అంతే, చెల్లెలికి ఎక్కడలేని ఉక్రోషం పొడుచుకొచ్చింది.

"చిన్నప్పట్నుంచీ అన్నీ ముందు నీకే. నీకు పొట్టివైపోయినవి, చిరిగిపోయినవి నాకు. ఒక్కరోజైనా నాకోసం ఏమన్నా చేశావా నువ్వు?" అనేసింది.

అక్క నోరు తెరిచి ఏదో చెప్పబోయింది. చెప్పలేదు. లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆనాటి నుంచి ఎడమొహం పెడమొహం. అమ్మ కొన్నాళ్లు ఇక్కడ, కొన్నాళ్లు అక్కడ. అమ్మను దింపే రోజున అక్క మొగుడు వీధి మలుపు దాకా తెచ్చి వదిలేవాడు, మెకానిక్కు వెళ్లి తీసుకొచ్చేవాడు. మగవాళ్లిద్దరూ అక్కడే నిలబడి హాయిగా కబుర్లు చెప్పుకునేవాళ్లు. అక్కాచెల్లెళ్లు మాత్రం ఏళ్ల తరబడి ఒకరి గొంతు ఒకరు వినలేదు. టచింగమ్మకు లోలోపల అక్క కావాలి. చాలా కావాలి. వంట చేస్తూ చేస్తూ ఆగిపోయి, ఈ మాట అక్కకు చెప్పాలి అనుకుని, మళ్లీ గరిటె తిప్పుకున్న సందర్భాలు కోకొల్లలు. కానీ ముందు ఎవరు పలకరించాలన్న దగ్గర ఆగిపోయింది వ్యవహారం.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం పెద్దాయన కూతురు ఒక ఉపాయం చెప్పింది.

"వేరువేరు వెలుగుల్లో తీసిన ఫోటోలతో ఎందుకు పిన్నీ కుస్తీ? ఒకేచోట, ఒకేరోజు, ఒకే కెమెరాతో తీసినవి రెండు పట్రా. వెలుగు దానంతటదే కలుస్తుంది. చెయ్యి తిరిగాక కష్టమైనవి చేద్దువుగాని."

అలాంటివి రెండు ఎక్కడున్నాయో టచింగమ్మకు వెతుక్కోనక్కర్లేదు. ఒకటి ఆమె ఇంట్లో గోడకే ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల, స్టూడియో స్టూలు మీద కూర్చుని, నిండుగా నవ్వుతూ. రెండోది అమ్మ పెట్టెలో ఉంది. పన్నెండేళ్ల అక్క, ఎత్తైన పూలకుండీ స్టాండు మీద చెయ్యి ఆన్చి నిలబడింది. వెనక అదే నల్లతెర. ఒంటి మీద అదే గౌను. ఇంట్లో ఉన్న మంచి గౌను అదొక్కటే మరి. అక్క కోసం కుట్టించింది. ముందు అక్క వేసుకుని ఫోటో దిగి, తెర వెనక్కి వెళ్లి విప్పి ఇస్తే, చెల్లెలు వేసుకుని దిగింది. అందుకే ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. ఇద్దరికీ కలిపి ఒకటే గౌను ఉంటే కలిసి ఎలా దిగుతారు?

టచింగమ్మకు ఆ రోజు గుర్తున్నది ఒక్కటే. గౌను తనకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అక్క గౌను అయినా తనకే బాగా కుదిరింది. ఆ ఫోటో చూసిన ప్రతిసారీ ఆ సంగతికి మురిసిపోయేది.

అదే చెయ్యాలని నిశ్చయించుకుంది. సాధన అన్నది పైకి చెప్పిన మాట. లోపల వేరే ఆశ. ఇద్దర్నీ ఒక ఫోటోలో నిలబెట్టి అక్కకు పంపితే, మాటల్లో చెప్పలేనిది అదే చెబుతుంది కదా అని.

ఎంత ఇదిగా చేసిందో చూడాలి. రెండు ఫోటోలూ స్కాన్ చేయించింది. తన ఫోటోను అడుగున పెట్టింది. దాని మీద ఒక పొరలో అక్క. పూలకుండీ స్టాండు తీసేసింది. స్టాండు మీద ఆన్చిన చెయ్యి ఉంది కదా, అక్కను కాస్త పక్కకు జరిపేసరికి అది సరిగ్గా చెల్లెలి భుజం మీదికి వచ్చింది. భుజం మీద ఆ చేతికి చిన్న నీడ వేసింది. అక్క జుట్టు అంచులు ఒక్కొక్క పాయా మెత్తగా తెరలో కలిపింది. ఇద్దరికీ ఒకే గౌను ఉంటే బాగుండదని అక్క గౌను రంగు కొద్దిగా ముదురు చేసింది. అలా అక్కకో కొత్త గౌను కూడా కుట్టించినట్టయింది.

చివర్లో అలవాటు ప్రకారం మొత్తం శుభ్రం చేసింది. ఫ్రేము చెమ్మకు పడ్డ చుక్కలు, గీతలు, అన్నీ. తన నడుము పక్కన తెల్లగా పాలిపోయిన మరక ఒకటి ఎప్పట్నుంచో ఉండేది. గోడ మీది ఫోటోలో దాన్ని చూసినప్పుడల్లా బొటనవేలు దురద పెట్టేది. పక్కనున్న నల్లతెర ముక్కనే ఇంకో పొరలో తెచ్చి దాని మీద పరిచేసింది. మరక పోయింది. ఇన్నాళ్లకు పీడ వదిలిందనుకుంది.

"పిన్నీ, అతుకు ఎక్కడుందో నాకే తెలియట్లేదు" అంది అమ్మాయి. పెద్దాయన ఈసారి పొద్దున సాయంత్రం అనలేదు. చూసి ఊరుకున్నాడు. ఆయన ఊరుకున్నాడంటే గొప్ప మెప్పే.

ఇంటికి తెచ్చి అమ్మకు చూపించింది. ఆ నెలల్లో అమ్మ ఈ ఇంటి వాటా. అమ్మ ఫోటోను కంటికి దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"రెండో గౌను ఎక్కడిదే? మీ నాన్న చూసుంటే, నాకు తెలియకుండా ఎవరు కొన్నారని నా మీద పడేవాడు."

"గౌను సంగతి వదిలెయ్యమ్మా. మేమెట్లా ఉన్నాం?"

"బాగున్నారు. బాగుండకేం" అని అమ్మ కళ్లు తుడుచుకుంది. "దానికి పంపు. ఊరికే చేతిలో పట్టుకుని నాకు చూపిస్తావేం, పంపు!"

అక్క నంబరు ఫోన్లో ఉంది. ఎన్నడూ నొక్కిన పాపాన పోలేదు. ఇప్పుడు నొక్కి ఫోటో పంపింది. కింద ఏదైనా రాద్దామని మొదలుపెట్టి, తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ తుడిచి, ఏమీ రాయకుండానే వదిలేసింది. కాసేపటికి అక్క చూసినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు. ఆ సాయంత్రమంతా టచింగమ్మ ఫోను కొంగున కట్టుకున్నట్టే తిరిగింది.

మర్నాడు పొద్దున స్టూడియోలో ఉండగా మోగింది. ఫోన్లో అక్క పేరు. పక్కనే ఒకప్పుడు ఫోటోలు కడిగిన పాత డార్క్ రూమ్ ఉంది. ఇప్పుడందులో చీపుర్లు, విరిగిన లైటు స్టాండ్లు పడేస్తున్నారు. అందులోకి దూరి తలుపేసుకుంది.

"అక్కా" అంది.

"నా చెయ్యి ఏదే?" అంది అక్క. ఇన్నేళ్ల తర్వాత మొదటి మాట.

"చెయ్యా? నీ చెయ్యి నా భుజం మీదే కదా..."

"నీ భుజం మీద చెయ్యేసింది ఎవరు? నేనెప్పుడేశాను? నేను పట్టుకున్నది నడుము దగ్గర. అది ఏదీ?"

"నడుము దగ్గరా?" అంది టచింగమ్మ.

"ఆ గౌను నీకు గోనెసంచిలా వేలాడింది. ఫోటో బాగా రాదని ఏడుపు లంకించుకున్నావ్. తెర చీలికలోంచి చెయ్యి పెట్టి, నడుము దగ్గర బిగించి పట్టుకున్నాను. గౌను నీ ఒంటి మీదుంటే నేను తెర వెనక లోపావడాతో నిలబడ్డాను, వణుక్కుంటూ. ఆ చెయ్యి తీసేసి, ఎక్కడిదో కొత్త అక్కను తెచ్చి పక్కన నిలబెట్టి నాకు పంపుతావా? ఎంత బాగా తుడిచావే! ఆనవాలు కూడా లేదు!"

ఫోను పెట్టేసింది.

టచింగమ్మ ఒక్క పరుగున వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. అడుగు పొరను ముట్టుకోలేదు కాబట్టి సరిపోయింది. పైపొరలు ఒక్కొక్కటే మూసింది. అక్క పోయింది, నీడ పోయింది, పరిచిన తెర ముక్క పోయింది. పాలిపోయిన ఆ మరక మళ్లీ తేలింది. దాన్ని పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది.

మరక కాదు. వేళ్లు. నాలుగు వేళ్ల కణుపులు, గౌను గుడ్డను గుప్పిట్లో పోగుచేసి బిగించిన వేళ్లు. చెమ్మకు అంచులు కరిగిపోయాయి గానీ, తెలిశాక చూస్తే గోళ్లతో సహా ఉన్నాయి. సూదిమొనంత మొటిమను కిటికీ వెలుగులో పసిగట్టే మనిషి, తన ఇంటి గోడ మీద, తన నడుము పక్కన అక్క చెయ్యి ఉంటే ఇన్నేళ్లూ చూడలేదు. చూడకపోవడం ఒక ఎత్తు, మురికి అనుకుని తుడిచేయడం ఒక ఎత్తు. టచింగమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. గౌను తనకు కొలిచి కుట్టినట్టుందని మురిసిన మురిపెమంతా ఆ గుప్పిట్లోనే ఉందని తెలిసి, అందరూ చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చింది.

అమ్మాయి కంగారుపడి పక్కన కుర్చీ లాక్కుంది. సంగతంతా విన్నాక, "పోనీ, చెయ్యి ఉంచేసి, పక్కన అక్కను కూడా ఉంచుదామా పిన్నీ? ఎంత కష్టపడ్డావో" అంది.

"వద్దు. మనిషి ఉన్నచోట ఉండనీ" అంది టచింగమ్మ. అంత ముచ్చటగా అతికించిన అక్కను, చేతి నీడతో సహా, తీసి అవతల పారేసింది. అసలు ఫోటోను ఒక్క చుక్క కూడా తుడవకుండా, చెమ్మ మరకలతో, గీతలతో, ఉన్నదున్నట్టు పెద్ద సైజులో ప్రింటు వేయమంది. జీవితంలో టచింగ్ చేయకుండా ఆమె చేతిలోంచి బయటికెళ్లిన ఫోటో అదొక్కటే.

ఆ మధ్యాహ్నమే అమ్మను తీసుకుని బయల్దేరింది. అక్క వాళ్లది ఇస్త్రీ దుకాణం, పైన ఇల్లు. వీధి మలుపు దగ్గర ఎవరి కోసమూ ఆగలేదు. దుకాణంలో బావ ఇస్త్రీపెట్టెను బట్ట మీదే ఆన్చి గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు. కింద ఎవరిదో చొక్కా కాలిన వాసన వచ్చాక గానీ తేరుకోలేదు.

అక్క మేడ మీద బట్టలు మడతపెడుతోంది. జుట్టు సగం నెరిసింది. చెల్లెల్ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు. టచింగమ్మ ఫోటో అందించింది. అక్క కళ్లజోడు తగిలించుకుని, మొహం జోలికి పోకుండా, తిన్నగా నడుము దగ్గర చూసింది. అక్కడ వేలు పెట్టి తడిమింది.

"ఉంది" అంది.

"మరకనుకున్నాను అక్కా. నీ మీదొట్టు. ఈరోజు పొద్దున నువ్వు చెప్పేదాకా నాకు తెలియదు."

అక్క తల ఎత్తింది.

"తెలియదా?"

"తెలియదు. గౌను నాకు సరిపోయిందనే అనుకున్నా. ఆ రోజు నేనన్న మాట... నాకోసం ఏం చేశావని అడిగాను చూడు. అప్పుడే ఎందుకు చెప్పలేదు నువ్వు? ఒక్క మాట చెప్పుంటే ఇన్నేళ్లు..."

అక్క చేతిలో మడత సగంలో ఉన్న దుప్పటి జారి కింద పడింది. అబద్ధమా నిజమా అని చెల్లెలి మొహంలో వెతికింది.

"చెప్పేదేముంది? ఆ ఫోటో నీ ఇంట్లో గోడకే ఉంది. పొద్దున లేస్తే చూస్తావు. పైగా మచ్చలు వెతికే పని నీది. నీకు కనపడదని నేనెట్లా అనుకుంటాను?" అంది. "తెలిసే అన్నావనుకున్నానే. ఆ చెయ్యి రోజూ చూస్తూ కూడా ఆ మాట అన్నావనుకున్నాను."

టచింగమ్మ కింద కూలబడి అక్క మోకాళ్ల మీద తల పెట్టుకుంది. అమ్మ మెట్లెక్కిన ఆయాసంతో గుమ్మంలోనే కూర్చుని ఇద్దర్నీ చూసింది. అక్క చెల్లెలి నడుము దగ్గర నలిగిన చీరకుచ్చిళ్లు చేత్తో సర్ది, ఆ చెయ్యి అక్కడే ఉంచింది.